సూదక్క పెట్టిన చుక్కలు

మా కొట్టులో మిషన్ ముందు కూర్చోకుండా పనిచేసే మనిషి సూదక్క ఒక్కతే. కిటికీ పక్కన వెడల్పాటి చెక్కబల్ల ఒకటి ఉంది. దాని మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, మోకాలి మీద బట్ట పరుచుకుని, చేత్తోనే కుట్టేది. ఆమెకి ఇంట్లో పెట్టిన పేరు ఏదో ఉంది. జీతం రోజున తప్ప ఆ పేరుతో అవసరం పడలేదు. వయసులో పెద్దవాడైన మాస్టరు కూడా సూదక్కా అనే పిలిచేవాడు.

నేను కాజాలు తీసి బొత్తాలు కుడతాను. మిషన్లు మొరాయిస్తే విప్పేది కూడా నేనే. నాకెవరూ నేర్పలేదు, విప్పి చూసి, మళ్లీ బిగించలేక తిట్లు తిని నేర్చుకున్నాను. సూదక్కకి మాత్రం పని నేర్పింది మాస్టరు. ఆయన కొట్టు యజమాని, కత్తెర ఆయనది. మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ.

సూదక్క చేసే పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కోటు కత్తిరించాక ముక్కల్ని నేరుగా మిషన్ మీదికి ఎక్కించకూడదు. ముందు తెల్లదారంతో వదులుగా, పొడుగు కుట్లతో కలపాలి. దాన్ని కచ్చాకుట్టు అంటాం. ఆ కచ్చా మీదే మనిషికి తొడిగి చూస్తాం. భుజం జారితే విప్పుతాం, నడుం బిగిస్తే వదులుతాం. అంతా సరిగ్గా ఉందనుకున్నాక ఆ తెల్లదారం వెంబడే మిషన్‌తో పక్కాకుట్టు వేసి, తెల్లదారం లాగేస్తాం. కచ్చా లేకుండా మిషన్ తొక్కేవాడంటే మాస్టరుకి మంట. "కచ్చా వెయ్యకుండా పక్కాకి పోయావో, నీ వేళ్లు కలిపి కుట్టేస్తాను" అనేవాడు.

సూదక్క కచ్చా వేసి బల్ల మీద పెట్టిందంటే ఇక ఆ బట్ట కొట్టు మొత్తానిది. ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లు తీసుకుని, తెల్లదారం వెంబడి కుట్టుకుంటూ పోతారు. ఆమె ఇంటికెళ్లిపోయినా సరే, జ్వరమొచ్చి రాకపోయినా సరే, ఎవరూ ఫోన్ చేసి అడగరు. గుర్తు ఉందంటే మాట చెప్పినట్టే. మా కొట్టు నడిచేది ఆ నమ్మకం మీదే.

ఇలాంటి మనిషికి సైకాలజీ చదువు ఎందుకు పట్టుకుందంటే, తమ్ముడి వల్ల.

మేడమీద రెండు గదుల ఇంట్లో అక్కాతమ్ముళ్లు ఇద్దరే ఉండేవారు. తమ్ముడు బస్టాండులో టిక్కెట్ల కిటికీ దగ్గర పనిచేసేవాడు. మహా మాటకారి. చిల్లర లేదని గొడవపడటానికి వచ్చినవాళ్లని కూడా నవ్వించి పంపేవాడట. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత బూట్లు విప్పేశాడు. అంతే. మళ్లీ గుమ్మం దాటలేదు.

"ఏం జరిగిందిరా?" అని సూదక్క అడగని రోజు లేదు.

"ఏమీ జరగలేదక్కా. జరిగితే చెప్పనా?" అనేవాడు. అది నిజమే అయ్యుండాలి. ఆఫీసులో గొడవ లేదు, ఎవరితోనూ పేచీ లేదు. గుమ్మం దగ్గరికి వెళ్తే గుండె దడదడలాడి, చెమటలు పట్టి, కాళ్లు చచ్చుబడేవి. డాక్టరు మాత్రలిచ్చాడు. మాత్రలతో నిద్ర వచ్చింది గాని బయటికెళ్లడం రాలేదు. ఎవరో చెబితే ఒక కౌన్సిలరమ్మకి ఫోన్ చేశారు. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ముందు మీరొకసారి మా దగ్గరికి వచ్చేయండి, కూర్చుని మాట్లాడుకుందాం" అంది. తమ్ముడు ఫోన్ పెట్టేసి, "నడవలేనివాణ్ణి పరిగెత్తుకు రమ్మంది. మంచావిడే పాపం" అన్నాడట.

అప్పుడు పట్టుకుంది సూదక్క. ఇంటి దగ్గరే ఉండి చదివే డిగ్రీలో సైకాలజీ ఉందని తెలిసి కట్టింది. గొప్ప మార్కులేమీ రాలేదు, పాసైంది. తమ్ముడికి ఉన్న జబ్బుకి పేరుందని ఆ చదువులో తెలిసింది. పేరు తెలిసిన రోజు పండగలా ఉందట ఆమెకి. ఆ మర్నాడు కూడా తమ్ముడు అదే కుర్చీలో, గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పేరు పెట్టి పిలిచినంత మాత్రాన జబ్బు లేచి వెళ్లిపోలేదు.

పైచదువులో వైద్యం ఎలా చేస్తారో నేర్పుతారని, ఊళ్లోనే యూనివర్సిటీలో ఆ విభాగం ఉందని ఆమెకి తెలుసు. దానికి ఎంట్రన్స్ పరీక్ష ఉంది. ఒకసారి రాసింది, సీటు రాలేదు. ఒక ఏడు తమ్ముడికి మరీ బాగోక రాయలేదు. ఇంకో ఏడు మళ్లీ రాసింది, అంచు దాకా వచ్చి తప్పింది. ఆ విభాగంలో ఒక నియమం ఉంది. డిగ్రీ పాసై మరీ ఎక్కువకాలం అయినవాళ్లని తీసుకోరు. నేను చెబుతున్న సంవత్సరం సూదక్కకి ఆఖరిది.

"డిగ్రీకి కూడా గడువుంటుందా?" అన్నాడు మాస్టరు ఆ సంగతి విని. "ఇదేమన్నా మందుసీసానా, తేదీ దాటితే పారబొయ్యడానికి?"

"వాళ్ల రూలు మాస్టరూ."

"మన దగ్గర కోటు కుట్టించుకుని వెళ్లినవాడు ఇప్పటికీ తొడుక్కుంటున్నాడు. నీ చదువు దానికంటే నాసిరకమా?" అని గొణిగాడు గాని, పరీక్షకి మిగిలిన ఆ ఆరునెలలు ఆమెకి అర్జెంటు పని ఒక్కటీ అంటగట్టలేదు. అది ఆయన పద్ధతిలో ఆశీర్వాదం.

చదవడం కొట్టులోనే. ప్రశ్నల పుస్తకంలో కాగితాలు చింపి, కిటికీ చెక్కకి గుండుసూదులతో గుచ్చుకునేది. కళ్లు ఒకసారి కుట్టు మీద, ఒకసారి కాగితం మీద. పెదాలు కదిలేవి. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే ఆ ప్రశ్నల్ని బిట్లు అంటారు. పక్కనే ఉండటం వల్ల నాకూ కొన్ని వచ్చేశాయి. బొత్తం కుడుతూ కుడుతూ "గంట మోగితే కుక్కకి నోరూరడం" అని గొణుక్కుంటుంటే కొలతలివ్వడానికి వచ్చినాయన భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇవాళేంటి పాఠం?" అనేవాడు మాస్టరు పొద్దున్నే.

"జ్ఞాపకశక్తి."

"అయితే నిన్న నా టేపు ఎక్కడ పెట్టారో చెప్పు."

"మీ మెళ్లోనే ఉంది మాస్టరూ."

ఆయన తడుముకుని, "పనిచేస్తోంది చదువు" అని ఒప్పుకున్నాడు.

లెక్కలంటే మాత్రం ఆమెకి వణుకు. సగటు ఎంత, సగటుకి ఎవరెంత దూరం అని లెక్కకట్టే పాఠం ఒకటుంది. ఎన్నిసార్లు చదివినా చేతికి అందలేదు. ఒకరోజు కుడుతూ కుడుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. మాస్టరు చూడనట్టు అటు తిరిగి, "మనసు చదవడానికి లెక్కలెందుకంట, వడ్డీకిస్తారా ఏంటి" అన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని నవ్వింది. ఆ పాఠం చివరిదాకా రాలేదు ఆమెకి. ఆ మార్కులు వదిలేసుకుంది.

సాయంత్రం ఇంటికెళ్తే ప్రశ్నలడిగేది తమ్ముడు. అది నేను కళ్లారా చూశాను. వాళ్లమ్మ వాడిన పాత మిషను పట్టేసిందంటే బాగుచేయడానికి వెళ్లాను. మెట్లు ఎక్కి తలుపు తడితే, "తీసే ఉందన్నా, నెట్టుకుని రా" అని లోపల్నుంచి గొంతు. గుమ్మానికి వీపు పెట్టి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. చూస్తే ఎక్కడికో బయల్దేరబోతున్నాడనుకుంటాం.

"అన్నా, బయట వానొచ్చేట్టుందా?"

పక్కనే కిటికీ ఉంది. అయినా నన్నడిగాడు. "లేదు, మబ్బు విడిచింది" అన్నాను.

నేను మిషను తల కిందికి వంచి, లోపల చిక్కుకున్న దారం ముక్కలు లాగుతున్నాను. సూదక్క నేలమీద కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తోంది. తమ్ముడు ప్రశ్నల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, టిక్కెట్ల కిటికీ గొంతు తీశాడు.

"లైన్లో రండి, లైన్లో రండి! పక్కవాళ్లు చేసేది చూసి నేర్చుకోవడాన్ని ఏమంటారు? త్వరగా, వెనకాల జనం ఉన్నారు!"

"అనుకరణ... కాదు, ఉండు. పరిశీలన ద్వారా అభ్యసనం. మూడోది."

"టిక్కెట్ ఇచ్చేశాం. తర్వాతవాళ్లు!"

అలా సాగింది. వాడు అడుగుతాడు, ఆమె నోటితో చెబుతుంది, చేతులు కుడుతూనే ఉంటాయి. కాగితం లేదు, పెన్సిలు లేదు, గడియారం లేదు. వాళ్ల చదువంతా అలాగే జరిగింది. ఆ ఇంట్లో అది పరీక్షలా లేదు. వాడు మళ్లీ ఆ టిక్కెట్ల కిటికీ వెనక కూర్చున్నట్టుంది. నేను మిషను పని సాగదీశాను, వినాలని.

మధ్యలో ఒక ప్రశ్న చదివాడు. కుక్కల్ని పంజరంలో కట్టేసి కరెంటు షాకులిచ్చారు. తప్పించుకునే దారి లేదు. తర్వాత కట్లు విప్పి, దారి తెరిచి పెట్టారు. అయినా అవి కదల్లేదు. ఈ స్థితిని ఏమంటారు?

సూదక్క చేతిలో సూది ఆగింది. "నేర్చుకున్న నిస్సహాయత" అంది మెల్లగా.

తమ్ముడు తర్వాతవాళ్లని పిలవలేదు. పేజీ మీద వేలు పెట్టి అలాగే ఉన్నాడు. "మనిషి సంగతి తెలుసుకోవడానికి కుక్కల్ని ఎందుకు చంపుకుతిన్నారక్కా?"

"మనుషులైతే ఎదురు తిరుగుతారనేమో."

"ఆ కుక్కలు మరి ఎప్పటికీ రాలేదా బయటికి?"

"వచ్చాయట. మనుషులు పట్టుకుని, కాళ్లు కదిలించి, అవతలికి ఈడ్చుకెళ్లి చూపించారట. చాలాసార్లు చేస్తే అప్పుడు వాటంతట అవి వచ్చాయట."

"ఈడ్చారా?"

"పుస్తకంలో అలాగే ఉంది."

"నన్ను ఈడవకక్కా."

"లేదురా. పిచ్చివాడా. నిన్నెందుకు ఈడుస్తాను?"

నేను మిషనులోకి తలదూర్చి, లేని దారం వెతుకుతున్నాను. తమ్ముడు పుస్తకం మూసి మళ్లీ మాట్లాడాడు. ఈసారి కిటికీ గొంతు కాదు.

"నువ్వు సీటు తెచ్చుకో. చేరే రోజున యూనివర్సిటీ గేటు దాకా నేను వస్తాను. పుస్తకాల సంచీ నేనే పట్టుకుంటాను. అన్న కూడా ఉన్నాడుగా, సాక్ష్యం."

ఎవరూ అడగలేదు ఆ మాట. సూదక్క తలెత్తలేదు. మాట్లాడితే ఆ మాట ఎగిరిపోతుందేమోనన్నట్టు ప్యాంటు అంచే చూస్తూ కుట్టింది. ఆ రోజు నుంచి ఆమె చదివింది సీటు కోసం కాదు, గుమ్మం కోసం.

వారం తిరక్కముందే తమ్ముడికి చొక్కా మొదలుపెట్టింది. పాతవేవీ పట్టడం లేదు, ఇంట్లో కూర్చుని మనిషి మెత్తబడ్డాడు. లేతనీలం బట్ట, సన్నటి చార. మాస్టరు తనే కత్తిరించి ఇచ్చాడు, "గేటు దాకా వెళ్లే చొక్కా, భుజాలు సరిగ్గా కూర్చోవాలి" అంటూ. సూదక్క కచ్చా వేసింది. తొడిగి చూసింది. సరిపోయింది. పక్కా వేస్తానంటే తమ్ముడు వద్దన్నాడు. "సీటొచ్చాక వెయ్యి. ఈలోగా ఇంకాస్త లావైతే మళ్లీ విప్పే పని ఎందుకు?" కాజాలు నేను తీస్తానని చెప్పాను. నీలానికి సరిపడే బొత్తాలు ఏరి, చిన్న పొట్లం కట్టి, నా సామాన్ల పెట్టెలో పెట్టుకున్నాను.

పరీక్ష రోజున హాల్లో జరిగింది నేను చూడలేదు. ఆమె తర్వాత చెప్పిందే ఇది.

ప్రశ్నలు తెలిసినవే వచ్చాయి. ప్రశ్న చదువుతుంటే తమ్ముడి గొంతు వినిపించిందట, లైన్లో రండి, లైన్లో రండి అని. జవాబు కాగితంలో ప్రతి ప్రశ్నకీ నాలుగు వృత్తాలుంటాయి. సరైనదాన్ని పెన్సిల్‌తో నిండా నల్లగా పూయాలి. తప్పు పూస్తే మార్కు కోస్తారు. కిందటిసారి ఆ కోతలోనే తప్పింది సీటు. అందుకని ఈసారి జాగ్రత్త పడింది. తనకి తెలిసిన జాగ్రత్త ఒక్కటే. ముందు సరైన వృత్తంలో సన్నగా ఒక చుక్క పెట్టింది. అలా కాగితం మొత్తం చుక్కలు పెట్టుకుంటూ వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చి ప్రతి ప్రశ్నా సరిచూసింది. అనుమానమున్నచోట చుక్క చెరిపి పక్కకి జరిపింది. అంతా సరిగ్గా కూర్చుందనుకున్నాక, అప్పుడు మొదటి నుంచి పూయడం మొదలుపెట్టింది.

గంట మోగేసరికి సగం దాటింది అంతే. చివరి వరసలన్నీ చుక్కలే.

"సార్, ఇవి పక్కా చెయ్యలేదు" అందట కాపలా ఉన్నాయనతో.

"పెన్సిల్ కింద పెట్టండమ్మా" అన్నాడాయన. కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ క్షణంలో ఆమె గుండె ఆగిపోవాలి కదా? ఆగలేదు. కాస్త చిరాకు పడింది, అంతే. పని మిగిలిపోయింది గాని గుర్తులు పెట్టే ఉన్నాయి కదా అనుకుంది. ఏ చెయ్యి తీసుకుంటుందో ఆ చెయ్యికి తెలుస్తుంది. అన్నేళ్లుగా ఆమె అలా వదిలిపెట్టిన ఏ బట్టా ఆగిపోలేదు. నేరుగా కొట్టుకి వచ్చి బల్ల ఎక్కి కూర్చుంది.

"ఎలా రాశావు?" అన్నాడు మాస్టరు.

"లెక్కలు తప్ప అన్నీ పెట్టాను మాస్టరూ."

ఆయన అందరికీ టీ తెప్పించాడు. పెట్టాను అన్న మాట ఎవరమూ పట్టించుకోలేదు. మా కొట్టులో అది పూర్తయిన పని కిందే లెక్క.

కొన్నాళ్లకి సరైన జవాబులు బయటపెట్టారు. ప్రశ్నల కాగితం మీద కూడా ఆమె గుర్తులు పెట్టుకుంది కాబట్టి తమ్ముడు సరిచూశాడు. కిందటేడు చివరి సీటు వచ్చినవాళ్ల కంటే మార్కులు బాగా ఎక్కువే వచ్చాయి. సూదక్క ఆ రోజు కొట్టులో ఏదో కూనిరాగం తీసింది. ఇంతకాలం ఆమెకి పాట వచ్చని మాకెవరికీ తెలియదు. తమ్ముడు బూట్లు బయటికి తీసి పాలిష్ పెట్టాడని చెప్పింది. ఒకసారి సాయంత్రం తలుపు బార్లా తెరిపించి, గుమ్మానికి ఎదురుగా కుర్చీ తిప్పుకుని కాసేపు కూర్చున్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు బాగా తగ్గించింది.

ఫలితాలు ఫోన్లో చూశాం. నేనే చూశాను, ఆమె చేతులు ఖాళీగా లేవని నాకిచ్చింది. సీట్ల వరసలో ఆమె నంబరు లేదు. కింది నుంచి పైకి మళ్లీ చూశాను. లేదు. జవాబు కాగితం ఫోటో కూడా పెట్టారు, పక్కన మిషన్ ఏం చదివిందో రాసి. మొదటి వరసల్లో నల్లటి వృత్తాలు, పక్కన మార్కులు. చివరి వరసల్లో ఖాళీ, ఖాళీ, ఖాళీ. ఫోటోని వేళ్లతో పెద్దది చేశాను. ఆ ఖాళీ అన్న ప్రతిచోటా, వృత్తం మధ్యలో, బూడిదరంగులో ఒక చుక్క ఉంది.

"సూదక్కా, ఇవేంటి?"

ఆమె బల్ల దిగి వచ్చి చూసింది. "కచ్చా" అంది. ఆ చుక్క మీద వేలు పెట్టి, "చూడలేదా వాళ్లు?" అంది.

మాస్టరు ఫోన్ లాక్కుని చూశాడు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు. ఆయన ముఖం చూడలేకపోయాను. కత్తెర బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని, "పద" అన్నాడు. ఆయన కోటు తొడుక్కోవడం పెళ్లిళ్లకి కూడా చూడలేదు నేను.

ముగ్గురం వెళ్లాం. యూనివర్సిటీ ఆఫీసులో పొడుగాటి నడవా, గోడ వెంట బెంచీలు. కౌంటరు వెనక ఒక గుమస్తా, మెత్తటి మనిషి. మాస్టరు ఫోటో చూపించి, "చూడు నాయనా, జవాబులన్నీ గుర్తులు పెట్టే ఉన్నాయి" అన్నాడు.

గుమస్తా దగ్గరికి తీసుకుని నిజంగానే చూశాడు. "కనిపిస్తున్నాయండీ."

"మరి?"

"చూసేది నేను కాదు కదండీ. మిషను."

"మిషనుకి కనబడకపోతే మనిషి చూడాలి గదా! మా దగ్గర మిషను కుట్టు తప్పితే మనిషి విప్పుతాడు."

"ఇక్కడ మనుషులు చూడకూడదనే మిషను పెట్టారండీ. మనుషులు చూస్తే ఒకళ్లకి చూశారు, ఒకళ్లకి చూడలేదంటారని. కాగితం మీదే రాసి ఉంటుంది, నిండా పూయాలని." అతను సూదక్క వైపు తిరిగాడు. "అమ్మా, మీరు అర్జీ రాసిస్తే పైకి పంపిస్తాను. కానీ ఆశ పెట్టి పంపడం నాకిష్టం లేదు. ఇలాంటివి ఒక్కటీ మారడం నేను చూడలేదు."

"ఆమెకిది ఆఖరి ఏడు" అన్నాడు మాస్టరు. గొంతు బాగా తగ్గిపోయింది. "చుక్క పెట్టడం నేను నేర్పాను నాయనా. తప్పు ఆమెది కాదు."

గుమస్తా లేచాడు. లోపలికెళ్లి ఎవరినో అడిగి వచ్చాడు, వచ్చి తల అడ్డంగా ఊపాడు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చాడు. తిట్టుకోవడానికి కూడా అక్కడ ఎవరూ లేకపోయారు. సూదక్క నీళ్లు తాగి, గ్లాసు జాగ్రత్తగా కౌంటరు అంచుకి దూరంగా జరిపిపెట్టి, "వెళ్దాం మాస్టరూ" అంది. అర్జీ రాసింది. తర్వాత దానికి జవాబు కూడా వచ్చింది, రెండు వాక్యాలు, గుమస్తా చెప్పిందే.

తిరిగొచ్చేటప్పుడు మాస్టరు కొట్టు దగ్గర దిగిపోయాడు. సూదక్క నాతో, "నువ్వు పైదాకా రా. నేనొక్కదాన్నే చెప్పలేను" అంది.

మెట్లెక్కాం. తలుపు తెరిచే ఉంది. బార్లా.

తమ్ముడు గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కాళ్లకి బూట్లు. ఒంటి మీద నీలం చొక్కా. ఇంకా పక్కా వెయ్యని చొక్కా, భుజాల మీదా చేతుల చుట్టూ తెల్లదారం పొడుగు పొడుగు కుట్లతో అలాగే ఉంది. కాజాల్లేవు, బొత్తాల్లేవు. అందుకని రొమ్ము దగ్గర రెండు అంచులూ కలిపి ఎడంచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ ఫలితాలని వాడికి తెలుసు. ఫోన్ చేసి అడగలేదు.

మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ముందు ఆమెది, తర్వాత నాది, మళ్లీ ఆమెది.

"ఎన్ని మార్కులకి పోయింది?"

"చుక్కలు లెక్కలోకి రావటరా. పూసినవే వస్తాయట."

పూయడానికి టైము చాలలేదని వాడికి అర్థమైంది. "నేను గడియారం పెట్టి అడగలేదు. ఒక్కసారీ పెట్టలేదు. కౌంటర్లో అయితే పెట్టేవాణ్ణి" అన్నాడు.

"నీదేం లేదురా. అలా అనుకోకు."

"గడియారం పెట్టాల్సింది."

ఇలాంటప్పుడు మనిషితో ఏం మాట్లాడాలో ఆమె చదివిన పుస్తకాల్లో ఉంది. తప్పంతా తనదే అనుకోవడానికి కూడా ఒక పేరుంది, కిటికీ చెక్కకి గుచ్చిన కాగితాల్లో నేనే చదివాను. ఆమెకి అది గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. గుమ్మం దగ్గర సంచీ పట్టుకుని నిలబడింది, అంతే.

"వేరే చోట్ల కూడా ఉంటాయిగా కాలేజీలు" అన్నాను నేను. వేరే చోటంటే వేరే ఊరు. వీణ్ణి వదిలి వెళ్లడం ఆమె వల్ల కాదు, వీడు కదిలి రాలేడు. నోరు జారిందని నాకే తెలిసిపోయింది.

తమ్ముడు వంగి, ఒక చేత్తో బూట్ల తాళ్లు విప్పబోయాడు. రెండో చెయ్యి చొక్కా వదల్లేదు. ఒంటి చేత్తో ముడి రాలేదు. సూదక్క మోకాళ్ల మీద కూర్చుని విప్పింది. రెండు బూట్లూ తీసి గోడవారగా పెట్టింది. తర్వాత వాడు లేచి నిలబడి, చేతులు రెండూ పక్కలకి చాచాడు, ట్రయల్ చూసుకునేటప్పుడు అద్దం ముందు మనుషులు నిలబడతారే, అలా. గుమ్మం అవతల మెట్లు కనబడుతున్నాయి. వాడు అటు చూడలేదు.

"మెల్లగా తియ్యక్కా. కచ్చా తెగుతుంది."

ఆమె ఒక చెయ్యి జార్చింది, తర్వాత రెండోది. ఒక్క దారం కూడా తెగకుండా తీసింది. అంత చక్కగా తియ్యడం మా కొట్టులో ఇంకెవరికీ చేతకాదు. చొక్కా చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు, గది మధ్యలో నిలబడిపోయింది. తమ్ముడు కుర్చీ తిప్పుకుని, గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"అన్నా" అన్నాడు నన్ను చూడకుండానే, "వెళ్లేటప్పుడు తలుపు వేసి వెళ్లు."